సందర్భంతో సహా

ఆ పొద్దున ఆకాశం కురుస్తానని చెప్పలేదు, కురవనని కూడా చెప్పలేదు. బూడిద రంగు మబ్బొకటి ఎదురింటి నీళ్ల ట్యాంకుకు ఆనుకుని కదలకుండా కూర్చుంది. పిండిన బట్టల బకెట్టు పట్టుకుని ఆమె పెరట్లో నిలబడి దానివంక కాసేపు చూసింది. ఆరేస్తే తడుస్తాయి. ఆరేయకపోతే ముక్క వాసన వేస్తాయి. ఎటు చేసినా మాట పడేది తనే కాబట్టి ఆరేసింది. భర్త చొక్కాలు తీగ మధ్యలో, ఎండంటూ వస్తే ముందు వాటికి తగిలేట్టు. అత్తగారివి వాటి పక్కన. తనవి గోడవైపు, నీడలో. పద్దెనిమిదేళ్లుగా అదే వరస. ఫలానా చోట వేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న పాఠం మరుపు రాదని ఆమెకు తెలుసు. ఆమె పని పాఠాలు చెప్పడమే.

"ఇదిగో" అన్నాడు భర్త పెరటి గుమ్మంలోంచి. పెళ్లయిన కొత్తలో ఆ మాట వెనక ఆమె పేరు ఉండేది. వాడగా వాడగా పేరు అరిగిపోయి ఇదిగో ఒక్కటే మిగిలింది.

ఆయన చేతిలో మందపాటి కవరు ఉంది. "ప్రూఫులొచ్చాయి. ఇవాళ మీ బడికి సెలవే కదా, ఖాళీయేగా నువ్వు. మధ్యాహ్నానికల్లా చూసి పెట్టు. సాయంత్రం ప్రెస్సుకి పంపాలి."

ఖాళీ అయింది ఆమె చేతిలోని బకెట్టు మాత్రమే. "బల్లమీద పెట్టండి, చేతులు తడిగా ఉన్నాయి" అంది.

"తడి తగలనీకు దానికి" అని జాగ్రత్త చెప్పి ఆయన లోపలికి వెళ్లాడు. కాసేపటికి లోపలినుంచి గ్లాసు బల్లకు తగిలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. ఆమె చేతులు తుడుచుకుని వెళ్లి టీ పోసింది.

ఆయన టీచర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి అధికారి. పిల్లలకు పాఠం చెప్పడం మానేసి పదకొండేళ్లయింది, పాఠం ఎలా చెప్పాలో పెద్దవాళ్లకు చెప్పడం మొదలుపెట్టి కూడా పదకొండేళ్లే. ఆమె ఊరి చివరి బడిలో చిన్న తరగతుల టీచరు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. భోజనాల బల్లకు కుర్చీలు కూడా మూడే. ఒకటి ఆయనది, ఒకటి ఆవిడది. మూడోదాని మీద ఎప్పుడూ మడతపెట్టాల్సిన బట్టలు ఉంటాయి. వాళ్లిద్దరి భోజనాలయ్యాక, గిన్నెలు వంటింట్లోకి చేరాక, ఆమె అక్కడే గట్టు దగ్గర స్టూలు లాక్కుని తింటుంది. అదీ ఎవరూ చెప్పిన వరస కాదు.

కవరులో ఉన్నది ఒక చిన్న పుస్తకం తాలూకు కాగితాలు. టీచర్లు తరగతిలో వాడుకోవలసిన ఇంగ్లీషు వాక్యాలు. మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరు ఉంది. లోపల ఉన్న మూడు వందల పన్నెండు వాక్యాలూ ఆమె నోటుబుక్కులోవి.

ఆ నోటుబుక్కు కథ పదేళ్ల వెనకటిది. ఇకమీదట చిన్న తరగతుల్లో కూడా టీచర్లు పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని బడిలో తీర్మానించారు. ఆమె చదువుకున్న బడిలో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలై, మాస్టారికి బదిలీ కావడంతో ఏడో తరగతిలో ఆగిపోయింది. తరవాత చదివిందంతా పరీక్ష గట్టెక్కడానికి చదివిందే, నోట్లోంచి మాటగా బయటికి వచ్చింది కాదు. పెద్ద టీచరమ్మ ఒక కాగితం నిండా వాక్యాలు రాసిచ్చి సోమవారం నుంచి ఇవే వాడాలంది. ఆ ఆదివారం ఆమె భర్తను అడిగింది, ఇవి ఎలా పలకాలో కాస్త చెప్పండి అని. "పలకడం కాదు ముఖ్యం. ముందు ఇంగ్లీషులో ఆలోచించడం అలవాటు చేసుకోవాలి" అన్నాడు ఆయన పేపరు మడవకుండానే. ఆ సాయంత్రం స్నేహితులొస్తే, టీ కప్పులు పెట్టి వెనక్కి తిరిగిన ఆమెకు వినబడేట్టే అన్నాడు, "మా ఆవిడ ఇంగ్లీషు విన్నారంటే తెల్లవాళ్లు కూడా బుద్ధిగా మన భాష నేర్చేసుకుంటారు." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట పుడుతుంది.

అప్పుడు కొన్నది ఆ నోటుబుక్కు. వాక్యాన్ని నీలం సిరాతో రాసేది, తెలుగు అక్షరాల్లో పలుకుబడి రాసేది, దాని కింద సందర్భం అని పెన్సిలుతో రాసుకునేది. మొదటి మూడు పేజీల్లో బడి సందర్భాలే ఉన్నాయి. గుడ్ మార్నింగ్ చిల్డ్రన్, తరగతిలోకి రాగానే. ఓపెన్ యువర్ బుక్స్, పాఠం మొదలుపెట్టేటప్పుడు. లుక్ ఎట్ ద బోర్డ్, బోర్డు తుడిచాక. రాయడం రాసింది కానీ మనసుకు పట్టేవి కావు. తరగతిలో నిలబడేసరికి నాలుక ఎండిపోయి వాక్యం సగంలో తెగిపోయేది. పిల్లలు జాలిగా చూసేవాళ్లు.

ఒకరోజు బడి నుంచి వచ్చి, మధ్యాహ్నం మిగిలింది గట్టు దగ్గర పెట్టుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ముందు గదిలోంచి అత్తగారు కేకేసింది. "అయిందా అమ్మాయ్?" ఆ క్షణాన, ఎవరూ పిలవకుండా, ఆమె నోట్లోకి ఆ కాగితంలోని వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంది. హావ్ యూ ఫినిష్డ్? తప్పు లేకుండా, తడబాటు లేకుండా. ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి ఎడంచేత్తో పెన్సిలు తీసుకుని నాలుగో పేజీలో రాసింది. "సందర్భం: నేను తినడానికి కూర్చున్న రెండో నిమిషంలో అత్తయ్య అడిగేది." మర్నాడు తరగతిలో లెక్కలు చేస్తున్న పిల్లల మధ్య నడుస్తూ ఆ వాక్యం అడిగింది. పిల్లలు తలలెత్తి ఎస్ టీచర్, నో టీచర్ అన్నారు. పదేళ్లలో ఆ వాక్యం ఆమెను ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

తోవ దొరికింది. ఇంగ్లీషులో ఆలోచించడమంటే ఆమెకు తెలియదు కానీ తన ఇంట్లో ఎవరు ఎవరితో ఏమంటారో క్షుణ్ణంగా తెలుసు. ఇక ప్రతి వాక్యానికీ ఇంట్లో చోటు వెతికేది. లిజన్ ప్లీజ్ కింద, "ఆయన గ్లాసును బల్లమీద రెండుసార్లు తట్టినప్పుడు. మాట అక్కర్లేదు." వెయిట్ ఫర్ యువర్ టర్న్ కింద, "భోజనం. నా వంతు ఆఖరు. అడుగంటిన రోజు మాత్రం మొత్తం నా వంతే." డోంట్ ఇంటరప్ట్ కింద, "ఆయన స్నేహితులొచ్చినప్పుడు. ముఖ్యంగా వాళ్లకు తెలియనిది నాకు తెలిసినప్పుడు." టేక్ యువర్ టైమ్ దగ్గర చాలాసేపు ఆలోచించి, "ఆయన, స్నానాల గదిలో, తనతో తాను" అని రాసింది. అన్నిటికీ చోటు దొరకలేదు. హూ వుడ్ లైక్ టు ట్రై, ఎవరికి ఇష్టం, ఎవరు చేస్తారు అని అడిగే వాక్యం. దాని కింద, "ఇంట్లో వాడకం లేదు. ఎవరు చేయాలో ముందే తెలుసు." వెల్ డన్ కింద ఖాళీ ఉంచింది, ఎప్పటికైనా రాద్దామని. ఏడాది చూసింది. పెన్సిలు మొన చెక్కి, "ఇంట్లో వాడకం లేదు" అని రాసి పేజీ తిప్పింది. ఆ వాక్యాన్ని బడిలో రోజుకు నలభైసార్లు వాడుతుంది. సరిగ్గా గీత గీసిన పిల్లకు, చెప్పులు తారుమారుగా తొడుక్కుని మళ్లీ సరిచేసుకున్న పిల్లాడికి.

అందులో ఫిర్యాదేమీ లేదు. నిఘంటువులో అర్థం రాసుకున్నట్టు రాసుకుంది, అంతే. ఇంట్లో ఎవరైనా చదువుతారన్న అనుమానం ఆమెకు ఎప్పుడూ రాలేదు. వంటింటి గట్టు మీద నూనె సీసా పక్కన పదేళ్లు ఉన్నా ఎవరూ దాన్ని తెరవలేదు.

ఇంతలో ఆమె తరగతి పిల్లలు ఇంగ్లీషు వింటే బెదరరని పేరొచ్చింది. చుట్టుపక్కల బడుల టీచర్లు వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూసి వెళ్లేవాళ్లు. శిక్షణ కేంద్రానికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది, టీచర్లకు పనికొచ్చే తరగతి ఇంగ్లీషు వాక్యాలతో ఒక కరదీపిక మూడు నెలల్లో తేవాలని. ఆయన రెండున్నర నెలలు పుస్తకం పేరు గురించీ ముందుమాట గురించీ ఆలోచించాడు. ఆ తరవాత ఒకరోజు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇదిగో, నీ దగ్గరేదో నోటుబుక్కు ఉండాలే. నూనె మరకలది."

"ఉంది."

"ఓసారి ఇటివ్వు." నిలబడే మొదటి మూడు పేజీలు తిప్పాడు. కనుబొమలు పైకి లేచాయి. "సందర్భాలు కూడా రాశావే. బాగుంది. సందర్భంతో సహా నేర్పాలని నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే. టైపు ఆవిడకి చెప్తా, సందర్భాలు ఒక్కటి కూడా వదలొద్దని."

"ఏమండీ, అందులో పెన్సిలుతో రాసినవి..."

"చెరిగిపోయాయా? ఫర్వాలేదులే. ఆవిడ చీమకాళ్ల రాత కూడా చదివేస్తుంది."

"అది కాదు, తరవాత పేజీల్లో..."

"నీ పేరు కూడా ఎక్కడో ఒకచోట వేయిస్తాలే. దాని గురించి బెంగపెట్టుకోకు" అని నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె రెండుసార్లు చెప్పబోయింది. రెండుసార్లూ ఆయన జవాబు ముందే వచ్చేసింది. డోంట్ ఇంటరప్ట్ అనే వాక్యానికి ఇది ఇంకా మంచి సందర్భం. కానీ రాసుకోవడానికి నోటుబుక్కు చేతిలో లేదు.

ఇప్పుడు ఆ కాగితాలు బల్లమీదకు వచ్చాయి. వంట సగం చేసి, కూర మూతపెట్టి, ఎర్ర పెన్ను పట్టుకుని ఆమె ఆయన కుర్చీలో కూర్చుంది. మూడో కుర్చీలో బట్టలున్నాయి. ఆయన తెచ్చిన పుస్తకాల ప్రూఫులన్నీ ఇప్పటిదాకా ఆమే దిద్దింది. ఎక్కడ అక్షరం పోయిందో, ఎక్కడ కామా ఎక్కువైందో ఆమె కంటికి ఇట్టే తగులుతుంది. ప్రెస్సువాళ్ల గుర్తులు కూడా వచ్చు.

మొదట ముందుమాట చదివింది. "నా సుదీర్ఘ బోధనానుభవంలో" అని మొదలైంది. "ఇందులోని సందర్భాలన్నీ పుస్తకాల్లోంచి తీసినవి కావు, నా స్వానుభవంలోంచి వచ్చినవి" అన్న వాక్యం రెండో పేరాలో ఉంది. చివర్లో, "ఈ కృషిలో వేళకు టీ అందించి సహకరించిన నా శ్రీమతికి" కృతజ్ఞతలు. ఎక్కడో ఒకచోట వేయిస్తానన్న పేరు ఇదన్నమాట. శ్రీమతిలో దీర్ఘం పోయింది. ఆమె దీర్ఘం పెట్టింది.

ముందుమాట తిప్పగానే మధ్యలో చిన్న చీటీ ఉంది. టైపు ఆవిడ రాసింది. ఆమెను ఈమె రెండుమూడుసార్లు చూసింది. దళసరి కళ్లద్దాలు, తక్కువ మాటలు, వేళ్లకు ఎప్పుడూ ఏదో ఒక పని. చీటీలో ఇలా ఉంది. "టీచర్ గారికి. సార్ చెప్పినట్టు సందర్భాలు అన్నీ కొట్టాను. నాలుగో పేజీ నుంచి ఒకసారి శ్రద్ధగా చూసుకోండి. వద్దనుకున్నవి గీత గీయండి, తీసేస్తాను. నేనైతే ఏదీ వదల్లేదు."

నాలుగో పేజీ తీసింది. హావ్ యూ ఫినిష్డ్. దాని కింద నల్లటి, నిటారైన అచ్చక్షరాల్లో, నేను తినడానికి కూర్చున్న రెండో నిమిషంలో అత్తయ్య అడిగేది.

పెన్సిలుతో ఉన్నప్పుడు అది తన సొంత గుర్తు. అచ్చులో చూస్తే ఎవరో సాక్ష్యం చెబుతున్నట్టుంది. పేజీలు తిప్పింది. గ్లాసు ఉంది. అడుగంటిన రోజు ఉంది. స్నానాల గది ఉంది. వెల్ డన్ ఉంది. కామాలతో సహా, ఉన్నది ఉన్నట్టు. ఇది ఇలాగే వెళితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఐదు వందల ప్రతులు, ఐదు వందల మంది టీచర్లు. ఇంటి గుట్టు వీధిన పెట్టింది అంటారు. అన్నం పెట్టిన ఇంటినే ఆడిపోసుకుంది అంటారు, వండిందెవరో మరిచిపోయి. ఆయన పదకొండేళ్లుగా కట్టుకున్న పేరు, అత్తగారి పరువు, రెండూ పోతాయి. ఇప్పుడు కొట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తీగమీద బట్టల వరసలాగే అంతా ఎక్కడిది అక్కడే ఉంటుంది.

అత్తగారి మీద రాసిన మొదటి వాక్యం మీద ఎర్ర గీత గీసింది. నిండుగా, స్కేలు పెట్టినట్టు.

గీసి దానివంక చూస్తూ కూర్చుంది. ఆ సందర్భం తీసేస్తే పైన వాక్యం ఒక్కటే మిగిలింది. హావ్ యూ ఫినిష్డ్. చదివింది. మొదటి మూడు పేజీల్లో వాక్యాల్లాగే ఉంది, ఎవరిదో, ఎవరికోసమో. బెదురుగా బోర్డు పక్కన నిలబడ్డ పదేళ్ల కిందటి టీచరుకు ఇది ఎందుకూ పనికిరాదు. ఆ కాగితాల్లో తను చేసిన పని ఏదన్నా ఉందంటే అది పైన ఉన్న వాక్యం కాదు, అది పెద్ద టీచరమ్మ ఇచ్చిన కాగితంలోనే ఉంది. తను చేసిన పని కిందిదే. ఆయన పేరు పెట్టుకున్నదీ దానికే. ముందుమాటలో నా స్వానుభవం అని రాసుకున్నదీ దాని గురించే. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. గ్లాసు తట్టింది ఆయనే.

లోపలి గదిలోంచి అత్తగారు అడిగింది. "అయిందా అమ్మాయ్?"

"ఇంకా లేదత్తయ్యా" అంది. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారని చెప్పాక తెలిసింది.

కొట్టేసిన మాటను మళ్లీ ఉంచాలంటే దాని కింద వరసగా చుక్కలు పెట్టాలని ప్రెస్సువాళ్ల పద్ధతి. ఉండనివ్వండి అని అర్థం. ఆమె ఎర్ర పెన్నుతో ఆ గీత కింద, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ వెళ్లింది. తరవాత మిగతా పేజీల్లో పోయిన ఒత్తులూ సున్నాలూ దిద్దింది. ఎక్కువైన కామాలు తీసేసింది. అంతకుమించి దేనినీ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చి కవరు తీసుకున్నాడు. "తప్పులేమన్నా ఉన్నాయా?"

"ఉన్నవన్నీ దిద్దాను. సందర్భాలు మీరోసారి చూసుకుంటే మంచిది."

"నువ్వు చూశాక మళ్లీ నేనెందుకు?"

"చూసుకోండి" అంది ఇంకోసారి. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

మూడు వారాల తరవాత, ఒంటిపూట బడి ఉన్న ఒకరోజు, కేంద్రం హాల్లో పుస్తకం విడుదల చేశారు. నూట ఇరవైమంది టీచర్లు వచ్చారు, అందులో ముప్పాతిక వంతు ఆడవాళ్లు. పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆమె ఐదో వరసలో కూర్చుంది. హాలు గోడ పక్కన టైపు ఆవిడ పుస్తకాల పెట్టె ముందు నిలబడి వచ్చినవాళ్లకు తలో ప్రతి ఇస్తోంది. ఈమెకు ఇచ్చేటప్పుడు కళ్లద్దాల పైనుంచి చూసి, "చుక్కలు చూశాను" అంది. అంతే.

ఆయన బాగా మాట్లాడాడు. ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. "ఈ సందర్భాలన్నీ నా స్వానుభవం" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి చేత్తో గుండె మీద తట్టుకున్నాడు కూడా. ఆ కేంద్రంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పుస్తకం వస్తే అప్పటికప్పుడే ఒకరు వేదికెక్కి పైకి చదవాలి, హాలంతా వెంట అనాలి. ఈసారి ఆమె బడిలోనే లెక్కలు చెప్పే టీచరును పిలిచారు, గొంతు గంటలా ఉంటుందని.

లెక్కల టీచరు మొదటి మూడు పేజీలు గడగడా లాగేసింది. వాక్యం చదివితే హాలు అంటుంది, సందర్భం చదివితే హాలు తల ఊపుతుంది. నాలుగో పేజీ తిప్పింది. "హావ్ యూ ఫినిష్డ్?" హాలు అంది. "సందర్భం. నేను తినడానికి కూర్చున్న రెండో నిమిషంలో..." అక్కడ ఆగింది. కాగితానికేసి ఇంకాస్త వంగి చూసింది. తల ఎత్తి ఐదో వరసలోకి చూసింది. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా ఒకే బెంచీ మీద టిఫిను డబ్బాలు విప్పుకున్నవాళ్లు. లెక్కల టీచరు గొంతు సవరించుకుని, ఏమీ జరగనట్టు, ముందుకంటే నిదానంగా చదివింది. "అత్తయ్య అడిగేది."

వెనక వరసలో ఎవరో ముక్కుతో నవ్వారు. ఎవరో "మా ఇంట్లో రెండో నిమిషం దాకా కూడా ఆగరమ్మా" అన్నారు మెల్లగా, కానీ అందరికీ వినబడేట్టు. నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. వెయిట్ ఫర్ యువర్ టర్న్ దగ్గర, అడుగంటిన రోజు దగ్గర, అది ఇక ఆపుకునే నవ్వు కాకుండా పోయింది. వేదిక మీద ఆయన పుస్తకం తెరిచి గబగబా పేజీలు తిప్పుతున్నాడు. మొదటిసారి చదువుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. హాలు సద్దుమణగడానికి, అలవాటు చొప్పున, ముందున్న నీళ్ల గ్లాసు తీసుకుని బల్లమీద రెండుసార్లు తట్టాడు.

హాలు సద్దుమణిగింది.

"లిజన్ ప్లీజ్" చదివింది లెక్కల టీచరు. హాలు అంది. "సందర్భం. ఆయన గ్లాసును బల్లమీద రెండుసార్లు తట్టినప్పుడు. మాట అక్కర్లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నూట ఇరవైమంది ఆ గ్లాసు వంక చూశారు. దానిమీద ఇంకా ఆయన చెయ్యి ఉంది. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెల్ డన్ దాకా వచ్చేసరికి హాలు పూర్తిగా మారిపోయింది. "ఇంట్లో వాడకం లేదు" అని చదివాక వెంట అనవలసింది ఏమీ లేకపోయినా, ముందు వరసలో ఒక పెద్దావిడ ఆ మాటను మెల్లగా తనలో తాను అనుకుంది. పక్కనున్నావిడ కూడా అనుకుంది.

పై ఆఫీసు పెద్దాయన వేదిక దిగుతూ, "చాలా సహజంగా ఉన్నాయండీ సందర్భాలు. స్వానుభవం అన్నారు కదా" అన్నాడు. అది మెచ్చుకోలో మరొకటో ఆయన మొహంలో తెలియలేదు. ఈయన "అవునండీ" అన్నాడు. ఇంకేమనగలడు. కాదంటే ముందుమాట అబద్ధం, అవునంటే పుస్తకం నిజం.

ఆమె వరండాలో చెయ్యి కడుక్కుంటుంటే ముందు వరస పెద్దావిడ దగ్గరికి వచ్చింది. లెక్కల టీచరు చూపు ఎవరి మీద ఆగిందో గమనించినట్టుంది. పెన్నూ పుస్తకమూ చాపింది. "సంతకం పెట్టమ్మా. అట్టమీద కాదు, నాలుగో పేజీలో." ఆమె తన పేరు పూర్తిగా రాసింది. చాలాకాలానికి రాసినట్టనిపించి, రాశాక ఒకసారి చదువుకుంది.

ఇంటికి స్కూటరు మీద వచ్చారు. దారి పొడుగునా ఆయన వీపు మాత్రమే కనబడింది. అది కోపమో సిగ్గో వీపు చూసి చెప్పలేం. గేటు దగ్గర బండి ఆపి, తాళంచెవి తీయకుండా, ముందుకే చూస్తూ అడిగాడు. "ముందే చెప్పొచ్చుగా."

"నాలుగుసార్లు చెప్పాను."

ఆయన లెక్కపెట్టుకున్నట్టున్నాడు. బండి తాళంచెవి తీసి లోపలికి వెళ్లాడు.

అత్తగారు భోజనాల బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని ఉంది. ముందురోజు కొడుకు మురిసిపోతూ తల్లికి తెచ్చి ఇచ్చిన ప్రతి ఆవిడ ముందు బోర్లించి ఉంది. ఇంగ్లీషు రాకపోయినా ఆవిడకు సందర్భాలు చదవడం వచ్చు.

"నా మీద తొమ్మిదిచోట్ల రాశావు" అంది ఆవిడ. "వేళ్లు మడిచి మరీ చూశాను."

"తప్పేమన్నా రాశానా అత్తయ్యా?"

"తప్పని నేననలేదే." పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి దళసరి చూసింది. "మా అత్తగారి మీద నేను రాసుంటే, ఇది ఇంకా లావుండేది." పుస్తకం పక్కన పెట్టి, "వడ్డించు" అంది.

పొద్దున వండి మూతపెట్టిన గిన్నెలు వేడిచేసి ఆమె బల్లమీద పెట్టింది. ఇద్దరికీ కంచాలు పెట్టింది. తరవాత మూడో కుర్చీ మీది బట్టలు రెండు చేతులా ఎత్తి, తీసుకెళ్లి ఆయన మంచం మీద పెట్టి వచ్చింది. మడతపెట్టలేదు. తన కంచం తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చుంది. కుర్చీ కాస్త కిర్రుమంది, అన్నేళ్లు బట్టల బరువు తప్ప ఎరగనిది. అత్తగారు కూరగిన్నెను ఆమె వైపు జరిపింది.

ముగ్గురూ తిన్నారు. కాసేపటికి ఆయన చెయ్యి ఖాళీ గ్లాసు మీదకు వెళ్లింది. పైకి లేచింది. బల్లకు జానెడు ఎత్తులో కొద్దిసేపు అలాగే ఉండిపోయింది. నీళ్ల జగ్గు ఎప్పుడూ ఉండే చోటే ఉంది, ఆయనకు చెయ్యి చాపితే అందే దూరంలో. ఆమె తలెత్తలేదు. అన్నం వేడిగా ఉంది. నిదానంగా కలుపుకుంది.

అత్తగారి భోజనం ముందే అయిపోయింది. ఆవిడ చెయ్యి కంచంలోనే ఎండనిచ్చి, కోడలు తినడం అయ్యేదాకా లేవకుండా కూర్చుంది.